నెల మీటింగు ఆదివారం

పోయిన నెల ఆకివీడులో బంధువుల ఇంట పెళ్ళికని ఏలూరు నుంచి బస్సులో వెళ్ళాను. కైకలూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులే. గట్ల మీద కొబ్బరి మొక్కలు, మేత బస్తాలు, ఐసు దింపుతున్న లారీలు. నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల చాలాసేపు కిటికీలోంచి చూసి, "మామ్మగారూ, కొల్లేరు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగింది. "ఇదేనమ్మా కొల్లేరు" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ బయటికి చూసి, నాకు మతిమరుపు అనుకుందో ఏమో, మర్యాదగా ఊరుకుంది. మా చిన్నతనంలో కొల్లేరు కంటికి కనపడే ముందు ముక్కుకి తగిలేది. తామర తూడులు, బురద, ఎండుతున్న చేప, వాటన్నిటి మీదా నీటి వాసన. ఆ వాసన కోసం మేము సరస్సు దాకా వెళ్ళక్కరలేదు. నెలకొక ఆదివారం, కొల్లేరు లంకల్లో ఉంటూ కాలవ మీద పడవ నడిపే పోలయ్య గారు తామరాకుల మోపు భుజాన వేసుకుని ఏలూరులో మా గుమ్మంలోకి వచ్చేవారు, కొల్లేరు ఆయన వెంట వచ్చేది. పెళ్ళింట్లో అందరూ భోజనాల హడావిడిలో ఉంటే నేను ఓ మూల కుర్చీలో కూర్చుని ఆ ఆదివారాలే తలుచుకుంటూ ఉండిపోయాను.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. నాకు పద్దెనిమిదేళ్ళు. ట్రైనింగు ముగించుకుని మిషను బడిలో చిన్న తరగతులకు కొత్తగా పాఠాలు చెబుతున్నాను. మా నాన్న జూట్ మిల్లులో గోతాలు కట్టలు కట్టి బయటికి పంపే ఖాతాకి మేస్త్రీ. చర్చి వెనక పేటలో మాకు తాటాకు ఇల్లు, దాని ముందు వెడల్పయిన వాకిలి, వాకిట్లో పందిరి ఉండేవి. నాన్న మిల్లు నుంచి వస్తే ఆయన కన్నా ముందు నార వాసన, నూనె వాసన వచ్చేవి. కనురెప్పల మీద కూడా సన్నటి పీచు ఉండేది. అమ్మ ఆయన్ని గడపలోనే నిలబెట్టి తడిగుడ్డతో ముఖం తుడిచేది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు. ఆయనా అలాగే కళ్ళు మూసుకుని నిలబడేవాడు. చిన్నప్పటి నుంచీ మగ్గాల చప్పుడులో ఉండి ఉండి ఆయన చెవులు దాదాపు పోయాయి. అందుకని మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడేవాళ్ళం. కొత్తగా వచ్చినవాళ్ళు పోట్లాట జరుగుతోందనుకునేవారు. కాని మిల్లులో పాతవాళ్ళందరి లాగే నాన్నకి పెదవులు చదవడం వచ్చు. అంత చప్పుడులో ఈ చివర మగ్గం దగ్గర ఉన్నవాడు ఆ చివర ఉన్నవాడితో మాటా మంచీ చెప్పుకోవాలంటే అదే దారి. వెలుతురు ఉండి, ఎదుటివాడి ముఖం కనపడితే చాలు, ఆయనకి చెవులతో పనిలేదు.

జిల్లాలో ఉన్న చిన్న చిన్న సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఏలూరు జూట్ మిల్లువాళ్ళు, తాడేపల్లిగూడెం బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, కొల్లేరు లంకల నుంచి వచ్చి కాలవ మీద సరుకు పడవలు నడిపేవాళ్ళు, ఈ మూడు సంఘాలూ అందులో ముఖ్యం. నెలకి ఒక ఆదివారం అందరూ మా వాకిట్లో కలుసుకునేవారు. కాగితాల మీద దాన్ని సమాఖ్య అనేవారు గాని అమ్మ ఎప్పుడూ "నెల మీటింగు" అనే అనేది. ఆ రోజు అమ్మ ఇంకా చీకటి ఉండగానే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, పెద్ద గుండిగలో ఎసరు పోసి మమ్మల్ని చర్చికి బయల్దేరదీసేది. ప్రార్థన అయ్యి వచ్చేసరికి పందిట్లో చాపలు పరిచి ఉండేవి. గూడెం పాసింజరు కూత వినపడగానే అమ్మ పొయ్యి ఎగదోసేది. బండి దిగి వాళ్ళు నడిచొచ్చేసరికి అన్నం ఉడికేది. ఏ నెలా లెక్క తప్పలేదు.

సమాఖ్య కార్యదర్శి సుబ్బారాయుడు గారు. ఒకప్పుడు రైల్వేలో గూడ్సు గుమాస్తా. సమ్మెలో చేరాడని తీసేశారట. బక్కపల్చటి మనిషి, ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు. చాప మీద కూర్చోగానే జేబులోంచి గడియారం తీసి బోర్లా పెట్టి, "ఇవాళ మనకి సైరన్ లేదు, నిదానంగా మాట్లాడుకుందాం" అనేవారు. ప్రతి నెలా అదే మాట. ప్రతి నెలా అందరి ముఖాలూ కొంచెం వదులయ్యేవి. తర్వాత ఒక్కో సంఘం తమ నెల కబురు చెప్పేది. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరిని పనిలోంచి తీసేశారు, ఎవరింట్లో పురుడొచ్చింది, ఎవరు పోయారు. ఎవరింటికి ఎవరు వెళ్ళి చూసి రావాలో అక్కడే అనుకునేవారు. మద్రాసుకి పంపే అర్జీలు చదివి వినిపించేవారు. ఇవన్నీ మినిట్స్ పుస్తకంలో రాయడం నా పని. రాస్తూనే, నాన్నకి కనపడని వైపు నుంచి ఎవరన్నా మాట్లాడితే ఆ మాట ఆయన వైపు తిరిగి పెదవులతో చెప్పడం రెండో పని.

భోజనాల దగ్గర మాత్రం ఒక చిక్కు ఉండేది. పేటలో మా ఇంట అన్నం తినడానికి అందరికీ మనసొప్పేది కాదు. గోదావరి మాట మెత్తన గదా, ఎవరూ ఎవరినీ నొప్పించరు. పోలయ్య గారు చెయ్యెత్తు మనిషి, గొంతు మాత్రం చంటిపిల్లని నిద్రపుచ్చే గొంతు. అందరూ అన్నం తినే తామరాకులు ఆయన తెచ్చినవే. విస్తరి ముందు కూర్చోమంటే, "కడుపులో బాగోలేదండి, ఏమనుకోకండేం" అనేవారు. అమ్మ, "అయ్యో, అలాగేనండి" అనేది. తర్వాత ఆయన కాలవ గట్టున కూర్చుని మూటలోంచి చల్దన్నం తినడం మా అందరికీ తెలుసు. ఆయన కడుపు ఏడాది పాటు ప్రతి నెలా ఆ ఒక్క ఆదివారమే బాగోలేదు. అమ్మ ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. ప్రతి నెలా మొదటిసారి పిలిచినట్టే పిలిచేది.

మంగమ్మ గూడెం బియ్యం మిల్లు నుంచి వచ్చేది. నా ఈడుదే. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే మిల్లులో చేరింది. ఉడికిన ధాన్యం గచ్చు మీద పోస్తే ఎండలో పొద్దుటి నుంచీ కాళ్ళతో తిరగేస్తూ నడవాలి. ఆమె పాదాలు పగుళ్ళు వారి ఉండేవి, నడక మాత్రం ఎంత చురుకో. మొదటి నెల వచ్చినప్పుడు మీటింగంతా వినకుండా నా కలం వైపే చూస్తూ కూర్చుంది. భోజనాలయ్యాక దగ్గరికొచ్చి, "పంతులమ్మగారండీ, ఇందాక పోలయ్య గారు చెప్పిన మాట ఇందులో ఎక్కడుందండీ?" అని అడిగింది. చూపించాను. వేలితో తడిమి చూసింది. "ఇంతేనా అండి? అంత పెద్ద మాట ఇంతలో పట్టేసిందా?" అంది. ఆ సాయంత్రం నుంచే చదువు మొదలైంది. పాసింజరు తిరిగి వెళ్ళే వేళ దాకా మాకు గంటన్నర దొరికేది. నెలకి గంటన్నర చదువుతో అక్షరాలు వస్తాయా అని నాకు నమ్మకం లేదు. ఆమె మాత్రం నేను రాసిచ్చిన కాగితం తీసుకెళ్ళి ఆ నెలంతా గచ్చు మీద ధాన్యంలో బొటనవేలితో రాసుకుంటూ నడిచేదట. మేస్త్రీ చూసేలోగా రెండో పాదంతో చెరిపేసేదట. అది చెబుతూ నవ్వేది. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఆ గంటన్నర కోసం నేను నెలంతా ఎదురుచూసేదాన్నని ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

అలా ఏడాది తిరిగింది. మాసూళ్ళు అయి కొత్త ధాన్యం మిల్లులకి చేరుతున్న రోజుల్లో ఆమె పనిచేసే మిల్లులో ఉడుకు తొట్టి ఒరిగి సత్తెమ్మ అనే ముసలామె కాళ్ళు మోకాళ్ళ దాకా కాలిపోయాయి. ఆమెకి వైద్యం చేయించాలి, మళ్ళీ నడవగలిగాక పని ఇవ్వాలి అని గచ్చు మీద ఆడవాళ్ళంతా యజమానిని అడిగారు. మర్నాడు సత్తెమ్మ, మంగమ్మలతో కలిపి పన్నెండు మందిని గేటు బయట ఉంచేశారు. ఆ ఆదివారం నెల మీటింగుకి గూడెం నుంచి ఎప్పుడూ మాట్లాడే మిల్లు ఇంజను డ్రైవరు రాలేదు, భయపడ్డాడు. సుబ్బారాయుడు గారు గడియారం బోర్లా పెట్టి, "గూడెం కబురు ఎవరు చెబుతారు?" అని అడిగారు.

మంగమ్మ లేచి నిలబడింది. "నేను చెప్తానండి" అంది. పైట కొంగు ముడిలోంచి మడతలు పెట్టిన కాగితం తీసింది. తొట్టి సంగతి, సత్తెమ్మ సంగతి నోటితోనే చెప్పింది. ఆ తర్వాత కాగితం విప్పి గేటు బయట ఉన్న పన్నెండు మంది పేర్లు చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, కూడబలుక్కుని, పేరు పూర్తయ్యాక తలెత్తి అందరినీ ఒకసారి చూసి, మళ్ళీ తర్వాతి పేరు. నా పెదవులు వాటంతటవే కదిలాయి, నాన్నకి చెప్పడానికో, ఆమెకి అందించడానికో నాకే తెలియదు. నాన్న నా మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు ఊరుకోమ్మా. నాకు కనపడుతోంది" అన్నాడు.

పేర్లు అయ్యాక సుబ్బారాయుడు గారు విషయం చెప్పారు. ఆ మిల్లుకి ధాన్యం పడవల మీద వస్తుంది, గోతాలు ఏలూరు నుంచి వెళతాయి. ఈ రెండూ ఆగితే యజమాని మాట్లాడతాడు. ఆగాలా వద్దా అన్నది ఇక్కడున్నవాళ్ళు తేల్చాలి.

ముందు పోలయ్య గారే నోరు విప్పారు. "నాకు బాధగానే ఉందండి. కాని ఇప్పుడే గదండి మాకు నాలుగు బేరాలుండేది. పడవ ఆగితే పొయ్యి ఆగుతుందండి. గూడెం ఆడాళ్ళ కోసమని మా ఇంట్లో ఆడాళ్ళకి ఎలా చెప్పుకోమంటారండి?"

మంగమ్మ ఇంకా నిలబడే ఉంది. "పోలయ్య గారూ, మీ పడవ మా రేవులో ఆగినప్పుడల్లా చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చే ముసలామె ఒకామె ఉంటదండి. తెలుసా అండి?"

"తెలుసమ్మా."

"ఆవిడ పేరేంటండి?"

పోలయ్య గారు ఆలోచించి తల దించుకున్నారు. "ఎప్పుడూ అడగలేదమ్మా."

"ఆవిడేనండి సత్తెమ్మ" అని మంగమ్మ కూర్చుంది.

నాన్న అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. "ఆ మిల్లు పేరు రాసున్న కట్ట నా ఖాతాలో కట్టనివ్వను" అన్నాడు, ఆయన మామూలు గొంతుతో, అంటే అరుపుతో. తర్వాత పోలయ్య గారి చెయ్యి లేచింది. ఆ పైన ఎవరు ముందో ఎవరు వెనకో నేను రాయలేకపోయాను. పొయ్యి దగ్గర అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోవడం మాత్రం చూశాను. అందరూ వెళ్ళాక నాన్నకి ఎదురుగా వచ్చి నిలబడి, "నన్ను అడగలేదేమండీ?" అంది. "వద్దంటావా?" అన్నాడు నాన్న. "అనను. అడిగితే బాగుండేది" అంది. నాన్న కాసేపు తల గోక్కుని, "పోనీ, ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగి, "నేనూ ఒప్పుకున్నానని అందులో రాయవే" అంది. రాశాను. సంఘం అన్న చోట ఖాళీ వదిలి, అమ్మ పేరు రూతమ్మ అని రాశాను.

మూడు వారాలు పట్టింది. గూడెం కాలవలో ఆ మిల్లు రేవుకి పడవ రాలేదు. ఏలూరులో మేనేజరు నాన్నని పిలిచి ముందు మంచిగా చెప్పాడు, తర్వాత ఇంకోలా చెప్పాడు. నాన్న చెవుడు అడ్డం పెట్టుకుని వచ్చేశాడు. పెదవులు చదవడం వచ్చని మేనేజరుకి తెలియదు. ప్రతి ఆదివారం మేమంతా పాసింజరెక్కి గూడెం వెళ్ళి ఆడవాళ్ళతో పాటు మిల్లు గేటు ఎదురుగా కాలవ గట్టున కూర్చునేవాళ్ళం. అమ్మ తన గుండిగని కూడా బండెక్కించింది. పోలయ్య గారు ఖాళీ పడవలో చేపలు, ఆకులు తెచ్చారు. మొదటి ఆదివారం అన్నాలు వడ్డిస్తుంటే ఆయన తన పడవలోకి వెళ్ళి మూట తీసుకుని, ఏమనుకున్నారో దాన్ని అక్కడే పెట్టి తిరిగొచ్చి, కాళ్ళకి కట్లతో మంచం మీద మోసుకొచ్చిన సత్తెమ్మ పక్కన ఆకు వేసుకుని కూర్చున్నారు. అమ్మ ఆయనకీ అందరికీ వడ్డించినట్టే వడ్డించింది. రెండోసారి పులుసు పోస్తూ, "ఇవాళ కడుపు కుదుటపడ్డట్టుందండి" అంది. "ఆయ్, పర్లేదండి" అన్నారాయన తల వంచుకునే.

చివరికి యజమాని దిగొచ్చాడు. సత్తెమ్మకి వైద్యం, తర్వాత కూర్చుని చేసే పని ఇస్తానన్నాడు. మంగమ్మ తప్ప మిగతా అందరినీ రమ్మన్నాడు. ఆమె లేకపోతే మేమూ రామని కూర్చున్నారు వాళ్ళు. మంగమ్మే వాళ్ళని లేపింది. "పిల్లలున్నవాళ్ళు, మీరు లోపలికెళ్ళండి. నా ఒక్కదాని సంగతి మన సంఘం చూసుకుంటది" అని ఒక్కొక్కరి భుజం పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళింది. ఆ నెలాఖరుకి నాన్నని మేస్త్రీగిరీ నుంచి తీసేసి నార తడిపే చోట వేశారు. పోలయ్య గారి పడవకి కొన్ని మిల్లులు బేరం మానేశాయి.

నా వంతు ఆ తర్వాత వచ్చింది. బడి వ్యవహారాలు చూసే పెద్దాయన నన్ను పిలిపించారు. చెడ్డవారు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "అమ్మా, నువ్వు బాగా చెబుతున్నావు. కాని ఆ మీటింగుల పుస్తకం, ఈ బడీ రెండూ కుదరవు. ఉండి గ్రామంలో మన బడిలో ఒక ఖాళీ ఉంది. వెళతావా?" అని అడిగారు. ఇంటికొచ్చి చెబితే నాన్న నా పెదవుల వైపు చూస్తూ రెండుసార్లు చెప్పించుకున్నాడు. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు. నాన్న పని దిగజారింది, ఇంట్లో నా ఉద్యోగమన్నా నిలవాలి అని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరడిగినా ఇన్నేళ్ళూ అదే చెప్పాను. అది అబద్ధం కాదు గాని నిజమంతా కాదు. ఆ గదిలో కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు భయం వేసింది. పన్నెండు మంది పేర్లు నిలబడి చదివిన మనిషికి అక్షరాలు నేర్పినదాన్ని, నాకు భయం వేసింది.

మినిట్స్ పుస్తకం మంగమ్మకి ఇచ్చాను. "నా తప్పులు ఎవరు దిద్దుతారండీ?" అంది. "తప్పులున్నా అర్థమవుతుందిలే" అన్నాను. నేను ఉండి ఊరికి వెళ్ళిన వారానికి అమ్మ ఆమెని గూడెం నుంచి తెచ్చుకుని మా ఇంట్లో పెట్టుకుంది. నా మంచం ఖాళీగా ఉంది గదా. ఉండిలో బడి పక్కనే వరిచేలు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, ఇప్పుడు పాసింజరు వచ్చుంటుంది, ఇప్పుడు అమ్మ పొయ్యి ఎగదోసి ఉంటుంది అని లెక్క వేసుకునేదాన్ని. ఏ ఆదివారం నెల మీటింగో నాకెవరూ చెప్పక్కరలేకపోయింది.

ఆ రోజులు బంగారు రోజులని నేను రాయను. ఆ నార ధూళే మా నాన్న ఊపిరితిత్తుల్లో చేరి ఆయన్ని తీసుకుపోయింది. పోలయ్య గారి ఇంట్లో ఆ వేసవంతా తూడులు ఉడకబెట్టుకుని తిన్నారని తర్వాత తెలిసింది. మంగమ్మ సంఘం పనుల మీద ఊళ్ళు తిరిగి తిరిగి, యాభై నిండకుండానే పోయింది. ఇవాళ మా ఉపాధ్యాయుల సంఘానికి సొంత భవనం ఉంది, ఫ్యాన్లు, కుర్చీలు, అచ్చేసిన రసీదులు ఉన్నాయి. నాకు పింఛను వస్తోందంటే ఆ సంఘం పోరాడబట్టే. ఆకివీడులో చెరువుల మీద పనిచేసే పిల్లలకి మా నాన్న కలలో కూడా చూడని బట్ట, తిండి ఉన్నాయి. ఉండాలి కూడా. అయినా ఆ పెళ్ళింట్లో చేపలు దింపుతున్న కుర్రవాడి చేతికి గుడ్డ కట్టుంటే ఏమైంది నాయనా అని అడిగాను. వాడు ఉలిక్కిపడి చూసి, "ఏం లేదండి" అని పక్కకి వెళ్ళిపోయాడు. నెలకి ఒక రోజు, మనిషికి ఏమైందో అడగడానికే పదిమంది బండెక్కి, పడవెక్కి వచ్చి కూర్చోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నేనూ ఎక్కడా చెయ్యలేదు.

ఉండి ఊరికి వెళ్ళిన ఆరు నెలలకి సెలవు పెట్టి ఒక మీటింగు ఆదివారం నాడు ఏలూరు వచ్చాను. ముందుగా ఎవరికీ రాయలేదు. పందిట్లో అప్పటికే అందరూ కూర్చుని ఉన్నారు. అమ్మ నన్ను చూసి పొయ్యి దగ్గర నుంచే చేత్తో కూర్చోమంది. నేను వెళ్ళి వెనక వరసలో, గుంజ పక్కన కూర్చున్నాను. మునుపు నేను కూర్చునే చోట మంగమ్మ ఉంది, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఒక్కో మాటా రాస్తూ, మధ్యలో నాన్న వైపు తిరిగి చెబుతూ. నాన్న ఆమెనే చూస్తున్నాడు, నేను వచ్చింది చూడలేదు. మీటింగు చివర ఆమె వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. నా దగ్గరికొచ్చేసరికి ముఖం వెలిగిపోయింది. "ఎప్పుడొచ్చారండీ?" అని పక్కన కూలబడి, నా చెయ్యి పట్టుకుని, వెంటనే పని గుర్తొచ్చి పెన్సిలు సరిచేసుకుంది. "మీ పేరు రాస్తానండి. ఏ సంఘం తరఫున అని రాయమంటారండీ?"

ఆమె మామూలుగానే అడిగింది. అందరినీ అలాగే అడుగుతుంది. "ఏ సంఘమూ కాదు మంగా. ఊరికే చూసిపోదామని వచ్చాను" అన్నాను. సరేనండి అని తల ఊపి అలాగే రాసుకుంది. ముందుకి వెళ్ళి, ఆ ఇంటి అలవాటు ప్రకారం గట్టిగా పేర్లన్నీ చదివింది. ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. అన్నిటికన్నా చివర, "పంతులమ్మ గారు. సంఘం లేదు. ఊరికే వచ్చారు" అని చదివింది. అందరూ వెనక్కి తిరిగి చూసి నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. చాప మీద కొంచెం పక్కకి జరిగి, ఆ ఖాళీని అరచేత్తో దులిపి, నా వైపు చూశాడు.